సీఎన్‌సీ రూటర్ రైల్స్ కింద పోసే ఎపాక్సీ: గోదావరి జిల్లాల తేమకు తట్టుకునేది ఎలా ఎంచుకోవాలి?

దమ్ము చేసిన మడిలో పలచగా నీళ్లు నిలబెడితే మెరక ఎక్కడో, పల్లం ఎక్కడో ఇట్టే తెలిసిపోతుంది. గుమ్మాలు, తలుపులు కంప్యూటర్ ఆదేశాలతో చెక్కే సీఎన్‌సీ రూటర్ ఫ్రేము మీద ఎపాక్సీ (రెసిన్‌లో దాన్ని గట్టిపరిచే హార్డెనర్ కలిపి పోసే ద్రవం) పోయడంలో కిటుకు కూడా ఇదే. ఇనుప ఫ్రేము ఎంత జాగ్రత్తగా కట్టినా వెల్డింగ్ వేడికి కాస్త వంగుతుంది. అంత పొడవు ఫ్రేమును మిల్లింగ్ చేయించే వీలు లేనప్పుడు, యంత్రం జారే పట్టా, అంటే రైలు కూర్చునే చోట ఎపాక్సీ పోస్తే అది తనంతట తానే మట్టానికి వచ్చి గట్టిపడుతుంది. రెండు పక్కలనూ అడ్డంగా ఒక కాలువతో కలిపితే రెండు రైల్స్‌కూ ఒకటే మట్టం.

కానీ డబ్బా మీద ఎపాక్సీ అని రాసి ఉన్నదల్లా దీనికి పనికిరాదు. పాలకొల్లు దగ్గర మా షెడ్డులో మొదటిసారి ఆగస్టులో, ముసురు పట్టిన రోజున పోశాను. చిక్కటి రెసిన్, త్వరగా బిగిసే హార్డెనర్. అరగంట తిరక్కుండానే బకెట్లో మిగిలింది చెయ్యి పెట్టలేనంత వేడెక్కి పొగలు వచ్చాయి. ఫ్రేము మీద పోసింది సర్దుకోకముందే గడ్డకట్టింది. మర్నాడు వేలితో రాస్తే ఆముదం పూసినట్టు జిడ్డు. అదంతా గ్రైండర్‌తో తీయడానికి రెండు రోజులు పట్టింది. అందుకే కొనే ముందు ఏం చూడాలో వివరంగా రాస్తున్నాను.

మొదట చిక్కదనం చూడండి. ఏమీ కలపని మామూలు ఎపాక్సీ రెసిన్ 25 డిగ్రీల దగ్గర 11 వేల నుంచి 14 వేల సెంటీపాయిజ్ (చిక్కదనం కొలత) దాకా ఉంటుంది. అంటే తేనెలా సాగుతుంది, అది మట్టానికి రాదు. హార్డెనర్ కలిపాక వెయ్యి లోపు ఉండే రకం అడగండి. ఆముదం చిక్కదనం సుమారు 700. కలిపిన ఎపాక్సీ దాని దరిదాపుల్లో జారితే చాలు. పలచన చేయడానికి థిన్నర్ మాత్రం పోయొద్దు. అది తర్వాత మెల్లగా ఆవిరై పొర కుంచించుకుపోతుంది. ఇసుక, రంగు కలిపిన ఫ్లోరింగ్ ఎపాక్సీ కూడా వద్దు.

అసలు ఎంపిక హార్డెనర్‌దే. డబ్బా మీద రాసే పాట్ లైఫ్, అంటే కలిపాక పోయడానికి వీలుగా ఉండే సమయం, సాధారణంగా 25 డిగ్రీల దగ్గర, 100 గ్రాములకు లెక్క. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ సమయం దాదాపు సగమవుతుంది. 40 నిమిషాలని రాసి ఉంటే 35 డిగ్రీల్లో మీకు మిగిలేది 20 నిమిషాలే. గంటకు పైగా ఇచ్చే నెమ్మది రకం తీసుకోండి. మా షెడ్డులో వచ్చిన జిడ్డుకూ మూలం హార్డెనరే. అందులోని అమైన్ అనే రసాయనం గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి ఆ పొర కడుతుంది. సైక్లోఅలిఫాటిక్ అమైన్ రకంలో ఈ బెడద తక్కువ. కాలవల పక్కన, చెరువుల మధ్య షెడ్డు ఉన్నవాళ్లు నాలుగు డబ్బులు ఎక్కువైనా అదే కొనాలి. ఒకవేళ జిడ్డు వస్తే గోరువెచ్చని నీళ్లు, స్క్రబ్బర్‌తో కడిగితే పోతుంది.

మూడోది ఎండ. గది వేడిలోనే గట్టిపడే ఎపాక్సీలు చాలావరకు 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలుపెడతాయి. మే నెలలో రేకుల షెడ్డు ఎంత కాగుతుందో మీకు చెప్పక్కర్లేదు. కంపెనీ ఇచ్చే డేటా షీట్‌లో టీజీ విలువ (మెత్తబడే వేడి) 60 డిగ్రీల పైన, కాఠిన్యం షోర్ డీ కొలతలో 80 పైన ఉందా చూడండి. బల్లలకు లోతుగా పోసే అలంకరణ రెసిన్ నెమ్మదిగా గట్టిపడుతుందని ఆశపడొద్దు. వాటిలో చాలా రకాలు మెత్తగా ఉంటాయి, బోల్టు బిగింపుకు అణిగిపోతాయి.

ఇక ఎంత కొనాలి? రైలు వెడల్పు 20 మిల్లీమీటర్లయితే, ఎపాక్సీ కారిపోకుండా కట్టే గట్టు లోపల వెడల్పు 50 ఉంచండి. అంచుల్లో ఎపాక్సీ గట్టును పట్టుకుని పైకి పాకుతుంది కాబట్టి మధ్య భాగమే వాడుకోవాలి. మందం 6 మిల్లీమీటర్లు. 3 మీటర్ల పొడవున్న రెండు పక్కలకు 1.8 లీటర్లు, 1.5 మీటర్ల అడ్డకాలువకు 0.45 లీటరు. బరువులో సుమారు 2.5 కిలోలు. బకెట్‌కు అంటుకునేది కలుపుకుని 2.8 కిలోలు తెచ్చుకోండి.

పెద్ద డబ్బా విప్పే ముందు ఒక చిన్న పరీక్ష తప్పనిసరి. ఇనుప యాంగిల్ ముక్కకు టేపుతో గట్టు కట్టి, 100 గ్రాములు తూకం వేసి కలిపి, మీ షెడ్డులోనే, మీరు పోయబోయే వేళకే పోయండి. మర్నాడు జిడ్డు ఉందా, బుడగలు ఉన్నాయా చూడండి. ఏడో రోజున గోరు గట్టిగా నొక్కితే గుంట పడకూడదు.

పోసే రోజుకు ఫ్రేమును రసమట్టంతో 2 మిల్లీమీటర్ల తేడా లోపుకు తెచ్చుకోండి. పెయింటు గీకి, అసిటోన్‌తో తుడవండి. దగ్గర్లో సిలికాన్ స్ప్రే కొట్టొద్దు, పొరలో గుంటలు పడతాయి. ఫిబ్రవరిలో మంచు విడిచాక, పదింటికి మొదలుపెడితే మంచిది. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. ఒకసారి చర్మానికి ఎలర్జీ పట్టుకుందంటే తర్వాత కొంచెం తగిలినా దద్దుర్లు లేస్తాయి. బుడగలు తేలితే హీట్ గన్‌ను దూరం నుంచి ఒక్కసారి అలా తిప్పండి.

ఏడు రోజులు ఆగి, అడ్డకాలువ కోసి తీసేసి, పైకి పాకిన అంచులు గీకి, ఆ తర్వాతే రైలు పెట్టండి. బోల్టు మరలు ఎపాక్సీలో కాదు, కింద ఇనుములో పట్టాలి. వారం తర్వాత బోల్టులన్నీ మళ్లీ ఒకసారి బిగించండి.