వీలునామా లాయరుని ఎంచుకునే ముందు సాక్షుల గురించి అడగండి

వీలునామా రాయించాలంటే కోర్టులో గట్టిగా వాదించే లాయరు కోసం వెతకకండి. ఆ పని వేరు, ఈ పని వేరు. ఆస్తి పంపకాల కాగితాలే రోజూ చూసేవారు కావాలి. అదీ మీ ఇల్లు, స్థలం ఉన్న చోట పనిచేసేవారైతే మేలు. ఎందుకంటే స్థిరాస్తికి సాధారణంగా అది ఉన్న చోటి చట్టమే వర్తిస్తుంది. వేరే దేశంలో కూడా ఆస్తి ఉంటే ఆ సంగతి మొదటి ఫోన్‌లోనే చెప్పేయండి.

పేర్ల కోసం బార్ అసోసియేషన్‌లో అడగొచ్చు. నాకైతే అంతకన్నా నమ్మకం, ఇంట్లో పెద్దవారు పోయాక వీలునామా అమలు చేయించుకున్న కుటుంబం మాట మీదే. రాసిన రోజు ఏ కాగితమైనా బాగానే కనిపిస్తుంది. అది పనికొచ్చిందో లేదో తెలిసేది వాళ్లకే.

కలిసినప్పుడు "సాక్షులుగా ఎవరిని పెట్టమంటారు?" అని అడగండి. ఆస్తి అందుకునే కొడుకో, అతని భార్యో సంతకం పెట్టినా పర్వాలేదంటే ఇంకొకరిని చూసుకోండి. చాలా చోట్ల అలాంటి సంతకం వల్ల వాళ్లకు రాసిన వాటాకే ఎసరు వస్తుంది. మంచి లాయరు బ్యాంకు, ఇన్సూరెన్స్ కాగితాల్లో నామినీ ఎవరో కూడా ఆరా తీస్తారు. అక్కడ పాత పేరు అలాగే ఉండిపోతే తర్వాత పిల్లల మధ్య గొడవే.

ఫీజు మొత్తం ఎంతో, తర్వాత చేసే మార్పులు అందులో కలుస్తాయో లేదో రాయించుకోండి. ఒరిజినల్ ఎక్కడ ఉంటుందో ఇంట్లో ఒకరికి తప్పకుండా చెప్పండి.