థియేటర్‌లోకి వెళ్లకముందే నేర్చుకోవలసినవి

తిరుపతిలో తొలిసారి ఆపరేషన్ థియేటర్‌కు వచ్చే వైద్య విద్యార్థులలో చాలామంది గోడవారగా నిలబడి, సర్జన్ వీపు తప్ప మరేమీ చూడకుండానే తిరిగి వెళ్లడం చూసి నాకు బాధ కలుగుతుంది. ఆ లోటు వారిది కాదు. ముందుగా సిద్ధం చేయని బోధకులమైన మాది. ఈ సన్నాహం రెండవ సంవత్సరంలోనే మొదలుకావాలి.

మొదట నేర్పవలసింది స్క్రబ్, అంటే ఆపరేషన్‌కు ముందు చేతులు శుభ్రంగా కడుక్కునే పద్ధతి. గోళ్లు కత్తిరించుకొని, ఉంగరాలు, గడియారంతో పాటు కొండకు వెళ్లివచ్చినప్పుడు కట్టుకున్న దారాలనూ తీసివేసి, వేళ్ల కొసల నుంచి మోచేతుల పై వరకు మూడు నుంచి ఐదు నిమిషాలు కడగాలి. చేతులు మోచేతులకంటే ఎత్తులో ఉంటేనే నీరు వేళ్ల వైపు తిరిగి రాదు. గౌను వేసుకున్న తరువాత ముందువైపు ఛాతీ నుంచి నడుము వరకు, చేతులలో మోచేయికి కొద్దిగా పై వరకు ఉన్న భాగమే స్టెరైల్ (సూక్ష్మజీవులు లేనిది); వీపు ఎన్నడూ కాదు. చేయి పొరపాటున దేనికైనా తగిలితే వెంటనే పైకి చెప్పాలి. తిట్లు పడతాయేమోనని దాచిపెడితే ఆ ఫలితాన్ని చీము పట్టిన గాయంతో రోగి అనుభవిస్తాడు గనుక, తప్పు ఒప్పుకున్న విద్యార్థిని గద్దించకుండా ఉండవలసిన బాధ్యత మాపై ఉంది.

కుట్లకు ముడులు వేయడం ఇంట్లోనే సాధన చేయవచ్చు. కుర్చీ చేతికి దారం కట్టి రోజూ పది నిమిషాలు చేస్తే చాలు.

ముందురోజు సాయంత్రం ఒక్క రోగిని ఎంచుకొని, కేస్ షీటు చదివి, వార్డులో పలకరించాలి. గజ్జల హెర్నియా అయితే సుమారు 4 సెంటీమీటర్ల పొడవుండే ఇంగ్వైనల్ కెనాల్ (గజ్జలోని సన్నని మార్గం) గోడలను పుస్తకం మూసి బొమ్మ గీయగలగాలి. ఎముక విరిగిన రోగి అయితే పుత్తూరు కట్టు (ఎముకలకు కట్టే నాటువైద్యపు కట్టు) కట్టించుకొని వచ్చాడేమో మర్యాదగా అడగాలి. మన ప్రాంతంలో ఆ ప్రశ్న వదిలేస్తే రోగి చికిత్స చరిత్ర సగమే తెలుస్తుంది.

ఉదయం టిఫిన్ తినకుండా రాకూడదు. కళ్లు తిరుగుతున్నట్లు అనిపిస్తే టేబుల్ నుంచి వెనక్కి జరిగి, సిగ్గుపడకుండా నేలపై కూర్చోవాలి.

లోపలికి రాగానే స్టాఫ్ నర్సుకు పేరు, సంవత్సరం చెప్పి ఎక్కడ నిలబడాలో అడగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన భద్రతా పట్టికను మత్తుకు ముందు, కోతకు ముందు, రోగిని బయటికి పంపే ముందు చదువుతారు. గాజుగుడ్డల లెక్కతో సహా దానిని శ్రద్ధగా వినాలి. మరునాడు ఉదయం అదే రోగి మంచం దగ్గరకు వెళ్లి, నొప్పి ఎలా ఉందో అడిగి, తాను చూసిన ఆపరేషన్‌ను నోటుపుస్తకంలో సొంత మాటల్లో రాసుకోవాలి.