సొంత బోర్డు బూట్ కావట్లేదా? ప్రాసెసర్‌ని వదిలి సపోర్ట్ చిప్‌లు చూడండి

6502, జెడ్80 లాంటి పాత 8-బిట్ ప్రాసెసర్లతో సొంతంగా కట్టిన కంప్యూటర్ బోర్డు పని చేయకపోతే అనుమానం ముందు ప్రాసెసర్ మీదకే పోతుంది. నేనూ మొదటి బోర్డుకి మూడు ప్రాసెసర్లు మార్చి చూశాను. తప్పంతా ఒక గేటు చిప్‌లో ఉంది, అందుకే దానితోనే మొదలుపెడతాను.

సమస్య: ఒకసారి నడుస్తుంది, ఒకసారి నడవదు. చిప్ మీద వేలు పెడితే తీరు మారిపోతుంది.

కారణం: 74 సిరీస్ లాజిక్ చిప్‌లలో ఎల్ఎస్, హెచ్‌సీ అనే రెండు రకాలను కలిపి వాడటం. ఎల్ఎస్ చిప్ తన అవుట్‌పుట్ "హై"కి ఇచ్చే హామీ 2.7 వోల్టులే. 5 వోల్టుల సప్లై మీద నడిచే హెచ్‌సీ ఇన్‌పుట్ మాత్రం సుమారు 3.5 వోల్టులు ఉంటేనే దాన్ని "హై"గా తీసుకుంటానంటుంది. నా బోర్డులో ఆ గీత మీద స్కోప్ పెడితే 3.4 వోల్టుల దగ్గర కనబడింది. చూడటానికి సిగ్నల్ శుభ్రంగానే ఉంది, కానీ పనిచేయడం మాత్రం అదృష్టం మీద ఆధారపడి ఉంది.

పరిష్కారం: ఎల్ఎస్ చిప్ గానీ పాత ఎన్‌మాస్ చిప్ గానీ నడిపే చోట హెచ్‌సీ తీసేసి హెచ్‌సీటీ పెట్టండి, దానికి 2 వోల్టులు చాలు. పిన్నులు అవే కాబట్టి సాకెట్‌లో మార్చేస్తే సరిపోతుంది. కొత్తగా కొనేవాళ్లు మొదటి నుంచీ హెచ్‌సీటీనే తీసుకోండి. హెచ్‌సీ, హెచ్‌సీటీ లాంటి సీమాస్ చిప్‌లలో వాడని ఇన్‌పుట్‌లను గాల్లో వదలకుండా గ్రౌండ్‌కో సప్లైకో కలపండి. వేలు పెడితే తీరు మారడానికి ఇదీ ఒక పెద్ద కారణం. ప్రతి చిప్ సప్లై పిన్ను పక్కనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉండాలి, దీని మీద చర్చే లేదు.

సమస్య: పవర్ ఇవ్వగానే లేవదు, రీసెట్ బటన్ నొక్కితే లేస్తుంది.

కారణం: రెసిస్టర్, కెపాసిటర్‌తో చేసిన రీసెట్. జెడ్80కి కనీసం 3 క్లాక్‌లు, 6502కి 2 క్లాక్‌లు రీసెట్ కిందికి ఉండాలి. అయితే ఆ లెక్క మొదలయ్యేది సప్లై, ఆసిలేటర్ రెండూ కుదురుకున్నాకే. పైగా కెపాసిటర్ నెమ్మదిగా ఎక్కే వోల్టేజిని మామూలు ఇన్వర్టర్‌కి ఇస్తే అది మధ్యలో తడబడుతుంది.

పరిష్కారం: డీఎస్1813 లాంటి సూపర్‌వైజర్ (సప్లైని గమనిస్తూ రీసెట్ ఇచ్చే చిప్) పెట్టండి. మూడే కాళ్లు, సప్లై సరైన స్థాయికి వచ్చాక కూడా దాదాపు 150 మిల్లీసెకన్లు రీసెట్‌ను పట్టి ఉంచుతుంది. అది దొరకకపోతే పాత పద్ధతికే కనీసం 74హెచ్‌సీ14 ష్మిట్ ఇన్వర్టర్ జోడించండి.

సమస్య: 6502 బోర్డులో ర్యామ్‌లో రాసినవి వాటంతటవే చెడిపోతున్నాయి.

ర్యామ్ చిప్‌ని తప్పుపట్టే ముందు రైట్ గీత ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. ఫై2 (6502 క్లాక్ గీత) కిందికి ఉన్నప్పుడు అడ్రస్ ఇంకా మారుతూ ఉంటుంది. ఆ సమయంలో రైట్ తెరిచి ఉంటే వేరే గదిలో రాత పడుతుంది. ఫై2 పైకి ఉన్నప్పుడే రైట్ తెరుచుకునేలా ఒక నాండ్ గేటుతో కట్టండి.

సమస్య: 6522లు (ఇన్‌పుట్, అవుట్‌పుట్ పోర్టులు, టైమర్లు ఉన్న చిప్‌లు) రెండు పెట్టాక ఇంటరప్ట్‌లు పోతున్నాయి. ఆ గీత సున్నాకీ రాదు, 5 వోల్టులకీ పోదు, మధ్యలో నిలబడుతుంది.

ఒక చిప్ కిందికి లాగుతుంటే ఇంకొకటి పైకి తోస్తోందన్నమాట. 6522 సీమాస్ రూపమైన 65సీ22లో ఎస్ రకం తన ఇంటరప్ట్ పిన్నును పైకీ కిందికీ రెండు వైపులా నడుపుతుంది, దాన్ని ఇంకో చిప్‌తో నేరుగా కలపకూడదు. ఓపెన్ డ్రెయిన్ ఉన్న, అంటే కిందికి మాత్రమే లాగే, ఎన్ రకం తీసుకుని సప్లైకి ఒక పుల్-అప్ రెసిస్టర్ పెట్టండి. చేతిలో ఎస్ రకమే ఉంటే అన్ని గీతలనూ ఆండ్ గేటు ద్వారా ప్రాసెసర్‌కి ఇవ్వండి. చిప్ పేరు చివరి ఒక్క అక్షరం చూడకుండా కొంటే ఇక్కడే రోజులు పోతాయి.

సమస్య: సీరియల్‌లో చెత్త అక్షరాలు, లేదా కొన్ని అక్షరాలు మాయం.

అన్నీ చెత్తగా వస్తే ముందు క్రిస్టల్ చూడండి. 4 మెగాహెర్ట్జ్‌ని 16తో, ఆపై 2తో భాగిస్తే 125000 వస్తుంది. కావలసింది 115200 కాబట్టి తేడా 8 శాతం పైనే, అవతలి వైపు దాన్ని చదవలేదు. 1.8432 మెగాహెర్ట్జ్ అయితే 16తో భాగించగానే సరిగ్గా 115200 వస్తుంది.

అక్షరాలు మాయమవుతుంటే, వాడుతున్న సీరియల్ చిప్ ఎన్ రకం 65సీ51 అయితే కారణం అదే. "పంపే రిజిస్టర్ ఖాళీ" అని చెప్పే బిట్ అందులో ఎప్పుడూ 1గానే ఉంటుంది. ప్రోగ్రామ్ దాన్ని నమ్మి మీద మీద రాసేస్తుంది. 9600 బాడ్‌లో ఒక్కో అక్షరానికి 10 బిట్లు, అంటే 1 మిల్లీసెకను పైన. అంతకంటే కాస్త ఎక్కువ డిలే లూప్ పెడితే సరిపోతుంది. కొత్త డిజైన్ అయితే నేను 16550 అనే సీరియల్ చిప్ వైపే మొగ్గుతాను, దాని ఫిఫోలో (అక్షరాలు వరసలో ఆగే చోటు) 16 అక్షరాలు పడతాయి.

సమస్య: క్లాక్ తగ్గిస్తే బాగుంటుంది, పెంచితే పడిపోతుంది.

జెడ్80 ఒక ఆప్‌కోడ్ తెచ్చుకోవడానికి మొదలుపెట్టిన దగ్గర నుంచి డేటా చదివే దాకా 2 క్లాక్‌లే. 8 మెగాహెర్ట్జ్‌లో అది మొత్తం 250 నానోసెకన్లు, అందులో అడ్రస్ బయటికి రావడానికీ డీకోడర్ దాటడానికీ కొంత పోతుంది. 250 నానోసెకన్ల ఈప్రామ్‌కి ఇక చోటే లేదు. 70 నానోసెకన్ల ఎస్ఎస్టీ39ఎస్ఎఫ్010ఏ ఫ్లాష్ పెట్టండి, లేదా ఒక వెయిట్ స్టేట్ (ప్రాసెసర్‌ని ఒక క్లాక్ ఆపడం) ఇవ్వండి. గేటు తర్వాత గేటుగా డీకోడింగ్ కట్టి ఉంటే దాన్ని ఒక్క 138 డీకోడర్ చిప్‌కి కుదించండి.