మడత చాకు శుభ్రం చేసే ముందు

నల్లగొండ వైపు బత్తాయి కోసిన చాకును అట్లాగే మడిచి జేబులో వేసుకోవడం మామూలే. ఆ పులుపు రసం కీలులోకి దిగుతుంది. స్టెయిన్‌లెస్ కాని బ్లేడైతే తెల్లారేసరికి నల్ల మచ్చలు. తుడవడానికి కూర్చునే ముందు ఇవి చూసుకోండి.

• పిల్లలు దగ్గర లేనప్పుడు, మంచి వెలుతురులో, కింద పాత తువ్వాల పరుచుకోండి.

• చాకు తెరిచాక లాక్ గట్టిగా పడిందా? వదులుగా ఉంటే తుడుస్తుండగానే వేళ్ల మీదికి మడుచుకుంటుంది.

• గుడ్డను బ్లేడు వీపు వైపు నుంచి పట్టుకోండి, పదును వైపు నుంచి కాదు.

• చెక్క పిడిని నీళ్లలో నానబెట్టొద్దు. గాడిలోని దుమ్ముకు పాత టూత్‌బ్రష్ చాలు.

• కొబ్బరి నూనె వద్దే వద్దు. మా ఇంట్లో అదే వేసేవాళ్లం. చలికాలం పొద్దున పేరుకుపోయి చాకు తెరుచుకునేది కాదు, గోరు విరిగేది! పూర్తిగా ఆరాక కీలు దగ్గర కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేయండి. లాక్ ఆనుకునే చోట నూనె ఉంటే జారుతుంది, తుడిచేయండి.

• స్క్రూలు విప్పే సరదా వద్దు. లోపలి వాషర్ ఎగిరిపోతే దొరకదు.

• మళ్లీ పండు కోసే ముందు బ్లేడును సబ్బుతో కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి.