మేడ మీద తోట – నాలుగో పాఠం: ఊరి పంచాంగం బెంగళూరు కుండీకి సరిపోదు

గత పాఠంలో కుండీ మట్టి కలుపుకోవడం చూశాం. పోసిన నీళ్లు పైన నిలవకుండా నెమ్మదిగా దిగిపోతున్నాయంటే మీ మట్టి సిద్ధమైనట్టే. ఇక విత్తనం వేయాలి. అయితే వేసే ముందు ఒక లెక్క నేర్చుకోవాలి: ఏ విత్తనం ఏ నెలలో వేయాలన్నది. ఈ పాఠమంతా దాని గురించే.

బెంగళూరులో మొక్కలు పెంచే మనవాళ్లలో చాలామందికి విత్తనాలు ఊరి నుంచే వస్తాయి. అత్తయ్య పొట్లం కట్టిచ్చిన గోంగూర గింజలు, పక్కింటి పిన్నిగారి పాదు చిక్కుడు, నాన్న ఎండబెట్టి దాచిన బీర విత్తనాలు. వాటితోపాటు విత్తే నెల కూడా ఊరి నుంచే వస్తుంది. చిక్కంతా ఇక్కడే. విత్తనం మంచిదే, మట్టి మంచిదే, నెల మాత్రం గుంటూరుదో రాజమండ్రిదో. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన సామెత. అదే రోహిణి కార్తెలో, అంటే మే నెలాఖరున, బెంగళూరులో అప్పటికే నాలుగు ఉరుముల వానలు కురిసి ఎండ తగ్గుముఖం పడుతుంది. ఇక్కడ ఎండ ముదిరేది ఏప్రిల్‌లో. ఈ ఒక్క తేడాతోనే ఎండాకాలపు కూరగాయల లెక్క మొత్తం మారిపోతుంది.

ముందు ఎత్తు

మ్యాపులో చూడండి. చెన్నై, బెంగళూరు దాదాపు ఒకే అక్షాంశం మీద, 13 డిగ్రీల దగ్గర ఉన్నాయి. అంటే రెండు చోట్లా పగటి నిడివి ఒకటే, సూర్యుడు ఆకాశంలో నడిచే దారీ ఒకటే. అయినా చెన్నైలో పండేది ఇక్కడ పండదు, ఇక్కడ పండేది అక్కడ నిలవదు. కారణం ఎత్తు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. వెయ్యి మీటర్లు ఎక్కితే గాలి ఆరు డిగ్రీల పైచిలుకు చల్లబడుతుంది. జనవరి తెల్లవారుజామున చెన్నైలో సగటున 21 డిగ్రీలుంటే ఇక్కడ 16 దగ్గర ఉంటుంది. తోటకు సంబంధించినంత వరకు పగటి వేడి కంటే ఈ రాత్రి చలువే ముఖ్యమని నా నమ్మకం. ఎందుకో టమాటా చెబుతుంది.

టమాటా పూత కాయగా మారాలంటే రాత్రి 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే బాగుంటుంది. పగలు 35 దాటి, రాత్రి కూడా ఉక్క తగ్గకపోతే పుప్పొడి పనిచేయదు, పూత రాలిపోతుంది. రాలే పువ్వును దగ్గరగా చూడండి. కాడ మధ్యలో చిన్న కణుపులాంటి చోటు ఉంటుంది. ముందు అక్కడ పసుపెక్కుతుంది. గోటితో తాకగానే పువ్వు సరిగ్గా అక్కడే తెగి ఊడి వస్తుంది. అలా కనిపిస్తే ఎరువు వేయకండి, లోపం ఎరువుది కాదు. వేసవిలో మదనపల్లె, కోలారు టమాటా అన్ని ఊళ్ల మార్కెట్లకూ ఎందుకు వెళ్తుందో ఇప్పుడు అర్థమవుతుంది. రెండూ పీఠభూమి మీది ఊళ్లే. కోస్తాలో పూత నిలవని నెలల్లో అక్కడ కాయ పడుతుంది. మీ మేడ కూడా ఆ పీఠభూమి మీదే ఉంది కాబట్టి జనవరిలో నారు పోసి, ఫిబ్రవరిలో నాటి, ఏప్రిల్, మే నెలల్లో టమాటా కోసుకోవచ్చు. విజయవాడలో ఉన్న మీ అన్నయ్య ఇది చేయలేరు.

ఫ్రెంచ్ బీన్స్, క్యారెట్, ముల్లంగి, కొత్తిమీర కూడా ఇంతే. కోస్తాలో చలికాలానికే పరిమితమైన కొత్తిమీర ఇక్కడ దాదాపు ఏడాది పొడవునా వస్తుంది. ఏప్రిల్‌లో మాత్రం మధ్యాహ్నపు ఎండ తగలకుండా చూడాలి, లేకపోతే ఆకు రాకముందే పూతకొచ్చేస్తుంది.

చలువ అన్నిటికీ మేలు చేయదు. బెండ, బీర, కాకర, సొర వేడి కోరేవి. డిసెంబరులో వేసిన బెండ గింజ చల్లని మట్టిలో నానుతూ కూర్చుంటుంది, కొన్ని కుళ్లిపోతాయి. ఫిబ్రవరి వచ్చాక, రాత్రంతా నానబెట్టి వేస్తే ఆరేడు రోజుల్లో తలెత్తుతుంది. కరివేపాకు డిసెంబరు, జనవరిల్లో ఆకులు పండి రాల్చి మోడులా నిలబడితే చచ్చిపోయిందనుకుని ఎక్కువ నీళ్లు పోసేవాళ్లున్నారు. అది చలికి ఆగింది, అంతే. నీళ్లు తగ్గించి వదిలేయండి. మార్చిలో ఎర్రటి చిగురు వస్తుంది. ఎరువు ఆ చిగురు కనిపించాకే.

తర్వాత పగటి నిడివి

కొన్ని మొక్కలు వేడిని కాక పగటి నిడివిని చూసి పూస్తాయి. మన పాత రకాల పాదు చిక్కుడు, గోంగూర, చామంతి ఈ జాతివే. పగలు కురచ కావడం మొదలైతేనే అవి పూతకు వస్తాయి. బెంగళూరులో జూన్‌లో పగలు 13 గంటలకు కాస్త తక్కువ, డిసెంబరులో 11 గంటల 20 నిమిషాల చుట్టూ ఉంటుంది. తేడా గంటన్నరే. ఆ గంటన్నరే మొక్కకు క్యాలెండరు.

ఊరి చిక్కుడు గింజను ఫిబ్రవరిలో వేస్తే తీగ పందిరంతా కమ్ముకుంటుంది. ఏడెనిమిది నెలలపాటు ఆకు తప్ప పువ్వు ఉండదు. జూన్, జూలైలో వేస్తే తీగ అల్లుకోవడం పూర్తయ్యేసరికి పగలు తగ్గుతుంది, సంక్రాంతికి కాయలు కోస్తారు. చిక్కుడు జాతివే అయిన అనపకాయలు బెంగళూరు బజార్లలో డిసెంబరు, జనవరిల్లోనే గుట్టలుగా కనబడతాయి కదా, వాటికీ అదే సమయం. వాటి గింజలతో పితికిపప్పు చేసుకునే చిత్తూరు, అనంతపురం వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. మిగతా నెలల్లో కూడా చిక్కుడు కావాలంటే పగటి నిడివితో పనిలేని పొద రకాలు వేసుకోవాలి. హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తెచ్చిన అర్క జయ్, అర్క విజయ్ అలాంటివే. కుండీకి ఇవి హాయి, పందిరి అక్కర్లేదు.

గోంగూరకు లెక్క తిరగబడుతుంది. మనకు కావలసింది పువ్వు కాదు, ఆకు. అక్టోబరులో వేస్తే జానెడు మొక్కకే మొగ్గలొచ్చి, ఆకు చిన్నదై, కాడ పీచుబారుతుంది. మార్చి నుంచి జూలై లోపు వేయండి. అప్పుడు ఆకు వెడల్పుగా, గిల్లిన కొద్దీ వస్తుంది. సెప్టెంబరు వచ్చేదాకా గిల్లుకుంటూ ఉండి, ఆ తర్వాత రెండు మొక్కలు విత్తనానికి వదిలి మిగతావి తీసేయండి. బెంగళూరు గోంగూరకు ఊరి పులుపు రాదని చాలామంది అంటారు. ఆ మాట అనేముందు ఏ నెలలో వేశారో చూసుకోండి.

చామంతి విషయంలో ఒక జాగ్రత్త. మీ బాల్కనీ మీద వీధి దీపం రాత్రంతా పడుతుంటే మొక్క దాన్ని పగలే అనుకుంటుంది. మొక్క ఏపుగా ఉంటుంది, ఆకులు పచ్చగా ఉంటాయి, మొగ్గ మాత్రం రాదు. బెంగళూరు చుట్టుపక్కల చామంతి రైతులు పూతను వెనక్కి నెట్టడానికి రాత్రిపూట పొలంలో బల్బులు వెలిగించేది ఈ గుణాన్ని పట్టుకునే. మీకు పువ్వు కావాలి కాబట్టి సెప్టెంబరు నుంచి కుండీని చీకటి మూలకు జరపండి. అదే కొమ్మను రెండు కుండీల్లో పెట్టి, ఒకటి దీపం కింద, ఒకటి చీకట్లో ఉంచి చూడండి. ఈ పాఠం మొత్తంలో ఇంతకంటే బాగా నేర్పే ప్రయోగం లేదు.

ఎండ ఏ వైపు నుంచి

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు ఇదే అన్నిటికంటే ముఖ్యం, అందుకే కాస్త నిదానంగా చెబుతాను. బెంగళూరులో ఏటా రెండు రోజులు మిట్టమధ్యాహ్నం నిలువు కర్రకు నీడ పడదు. ఏప్రిల్ 24న, ఆగస్టు 18న, లేదా వాటికి ఒక రోజు అటూ ఇటూ. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్న సూర్యుడు మన నెత్తికి ఉత్తరం వైపున ఉంటాడు. మిగతా ఎనిమిది నెలలూ దక్షిణం వైపున.

దీన్ని బాల్కనీకి అన్వయించుకోండి. ఉత్తరం బాల్కనీలో ఎండే రాదని చాలామంది వదిలేస్తారు. మే నుంచి ఆగస్టు మొదటి వారాల దాకా అక్కడ ఎండ పడుతుంది. ఆ మూడు నెలల్లో తోటకూర, గోంగూర, బచ్చలి, పొద బీన్స్ హాయిగా తీసేయొచ్చు. దక్షిణం బాల్కనీ దీనికి వ్యతిరేకం. మే, జూన్‌లలో పై అంతస్తు బాల్కనీ నీడ మొక్కల మీదే పడుతుంది, డిసెంబరులో ఎండ ఏటవాలుగా లోపలి గోడదాకా వస్తుంది. కాబట్టి టమాటా, క్యాబేజీ, బంతి, చామంతి దక్షిణంలో చలికాలానికి. తూర్పు బాల్కనీ గులాబీకి మేలు, పొద్దున్నే ఆకు మీది మంచు ఆరితే నల్లమచ్చ తెగులు తగ్గుతుంది. పడమర బాల్కనీలో మార్చి, ఏప్రిల్ ఎండకు కాగితం పూలు, నందివర్ధనం, మందారం తప్ప మెత్తని మొక్కలు పెట్టకండి.

ఊహించుకోవద్దు, కొలవండి. ఉదయం ఎనిమిదికి మొదలుపెట్టి, ప్రతి రెండు గంటలకోసారి నేల మీద ఎండ అంచును సుద్దముక్కతో గీయండి. అయిదారు గంటలు నేరుగా ఎండ తగిలే చోట కాయగూరలు, మూడు నాలుగు గంటలుంటే ఆకుకూరలు, అంతకంటే తక్కువైతే పుదీనా, తమలపాకు. రెండు నెలలకోసారి మళ్లీ గీయాలి. పాత గీత కొత్త గీత మధ్య జానెడు, మూరెడు తేడా వస్తుంది.

వాన, గాలి, నీళ్లు

చెన్నైలో సగానికి పైగా వాన అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. బెంగళూరులో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు అటూ ఇటూ కురిసే వాన మే నుంచి అక్టోబరు దాకా పరుచుకుని, సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎక్కువవుతుంది. ఆ రెండు నెలల్లో టమాటాకు ఆకుమాడు తెగులు ఖాయమనుకోండి. కింది ఆకులు నేల నుంచి జానెడు ఎత్తు వరకు తీసేయండి, మట్టి చిందకుండా ఎండుటాకులు పరచండి. అర్క రక్షక్ రకం ఆకుముడత, ఎండు తెగులు, ముందుగా వచ్చే ఆకుమాడు మూడింటినీ తట్టుకుంటుంది, వానల్లో వేయదలిస్తే అది వెతుక్కోండి.

జూన్, జూలైలు మోసం చేసే నెలలు. మబ్బు ఉంటుంది, తుంపర పడుతుంది, వాన పడింది కదా అని నీళ్లు పోయరు. కానీ ఆ నెలల్లో పడమటి గాలి మేడ మీద రోజంతా వీస్తుంది, కుండీ మీరనుకున్న దానికంటే త్వరగా ఆరిపోతుంది. వేలు రెండు కణుపులు మట్టిలోకి దించి చూడండి. పై పొర తడిగా, లోపల పొడిగా ఉంటే నీళ్లు పోయాల్సిందే.

నీళ్ల లెక్క విత్తేటప్పుడే వేసుకోవాలి. 2024 మార్చిలో కరువు వచ్చినప్పుడు తాగునీటిని తోటలకు వాడొద్దని నగర నీటి సరఫరా మండలి ఆంక్ష పెట్టి, మీరితే 5,000 రూపాయల జరిమానా అంది. ఆ మాట సబబే. అందుకే మీ తోటలో ఎక్కువ కుండీలు నిండేది జూన్ నుంచి జనవరి వరకు, మార్చి, ఏప్రిల్‌లలో సగమే ఉండేలా చూసుకోండి. బియ్యం, పప్పు కడిగిన నీళ్లతో ఆ సగం గడిచిపోతుంది.

మల్లె, బెంగళూరు వంకాయ

మల్లెకు ఊళ్లో చలి విరగకముందే ఆకు దూస్తారు. ఇక్కడ తొందరపడకండి, చలికి చిగురు ముడుచుకుంటుంది. సంక్రాంతి వెళ్లాక, జనవరి చివరి వారంలో కొమ్మలు సగానికి కత్తిరించి, ఆకు దూసి, వారం పది రోజులు నీళ్లు బిగబట్టండి. తర్వాత ఎరువు వేసి నిండా తడపండి. మార్చి నుంచి మొగ్గలు మొదలవుతాయి.

ఊళ్లో కుదరనిది, ఇక్కడ కుదిరేది ఒకటైనా పెంచాలని నా కోరిక. అందుకు బెంగళూరు వంకాయను, అంటే తీగకు కాసే సీమ వంకాయను, మించింది లేదు. విత్తనం విడిగా దొరకదు, కాయే విత్తనం. ముదురు కాయను వంటింట్లో ఎండ తగలని మూల ఉంచండి. కొన్ని వారాలకు వెడల్పు చివర ఉన్న ముడత విచ్చుకుని, అందులోంచి లేత మొలక తల బయటపెడుతుంది. కోయకుండా, గింజ తీయకుండా, కాయను పక్కకు పడుకోబెట్టి, మొలక పైకి ఉండేలా సగానికి పైగా మట్టిలో ముంచండి. చిన్న కుండీ చాలదు, పెద్ద డ్రమ్ము కావాలి. జూన్‌లో పాతితే గ్రిల్లంతా పాకుతుంది.

ఈ పాఠం పని

గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు చూపే థర్మామీటరు ఒకటి కొని, నేరుగా ఎండ పడని చోట, కుండీల ఎత్తులో వేలాడదీయండి. పదిహేను రోజులు పొద్దున కనిష్ఠం రాసుకోండి. సుద్దగీతలు గీసి, ఏ కుండీకి ఎన్ని గంటల ఎండో దాని పక్కనే రాయండి. చేతిలో ఉన్న విత్తనాల పొట్లాలన్నీ ముందేసుకుని, ఒక్కోదాని మీద ఊళ్లో విత్తే నెల కొట్టేసి ఇక్కడ విత్తే నెల రాయండి. ఏ పొట్లం మీద ఏం రాయాలో తేలకపోతే దాన్ని పక్కన పెట్టి, మార్చిలో నాలుగు గింజలు, జూన్‌లో నాలుగు, అక్టోబరులో నాలుగు వేసి చూడండి.

అయిదో పాఠంలో నారు పోయడం, ఆ నారును వేరు తెగకుండా కుండీలోకి మార్చడం. దానికి గుడ్డు అట్టలు, పాత పాల ప్యాకెట్లు దాచి ఉంచుకోండి.