చలిదేశంలో చిన్న గ్రీన్‌హౌస్: కొత్తగా వచ్చినవారు ముందు కిటికీ సంగతి చూసుకోండి

చలిదేశానికి కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది ఒకేలా దెబ్బతింటారు. పెరట్లో ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు గ్రీన్‌హౌస్ నిలబెడతారు. చలి దూరకూడదని సందులన్నీ టేపుతో మూసి, తలుపు బిగిస్తారు. కొన్నాళ్లకు నారు మొదలు దగ్గర నల్లబడి, సన్నగిల్లి, వరసగా వాలిపోతుంది. ‘ఇక్కడి చలికి ఏదీ బతకదండీ’ అని తేల్చేస్తారు. చలికి కాదు బాబూ, గాలాడక పోయింది. దాని పేరు నారుకుళ్లు తెగులు. ఒత్తుగా చల్లిన విత్తనం, ఎప్పుడూ తడిగా ఉండే మట్టి, కదలని గాలి... ఈ మూడూ కలిస్తే అది రాక మానదు.

ఎక్కడ పెట్టాలో మీకు తెలిసే ఉంటుంది. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ పడాలి. అద్దె ఇల్లయితే యజమానిని ముందే అడగండి. గ్రీన్‌హౌస్ కదలకుండా పట్టి ఉంచే యాంకర్లు నేలలోకి దిగ్గొట్టడం మాత్రం మరవకండి. జిప్పు ఉండే ప్లాస్టిక్ కవర్ల రకం ఒక్క గాలివానకే పక్కింట్లో తేలుతుంది. పాలికార్బనేట్ (గట్టి ప్లాస్టిక్) రేకులు కొంటే 4 మిల్లీమీటర్ల మందం కంటే 6 నయం, 10 అయితే ఇంకా మంచిది.

ఇక అసలు విషయం, కిటికీలు. నేల వైశాల్యంలో పదిహేను నుంచి ఇరవై శాతం దాకా పైకప్పు కిటికీలు ఉండాలి. ఆరు బై ఎనిమిది అంటే 48 చదరపు అడుగులు, కాబట్టి ఏడు నుంచి పది చదరపు అడుగుల కిటికీ కావాలి. విడిభాగాలుగా అమ్మే చిన్న గ్రీన్‌హౌస్ కిట్లలో సాధారణంగా రెండడుగుల కిటికీ ఒక్కటే ఇస్తారు. అంటే నాలుగు చదరపు అడుగులు. దాదాపు సగమే! రెండోది కూడా కొని బిగించండి. పక్క గోడకు, కింది భాగంలో ఒక లూవర్ (వాలు పలకల కిటికీ) పెట్టండి. వేడిగాలి పైనుంచి పోవాలంటే చల్లగాలి కిందినుంచి రావాలి. కింద దారి లేకపోతే పై కిటికీ సగమే పనిచేస్తుంది.

ఉద్యోగాలకు వెళ్లేవాళ్లయితే ఆటోమేటిక్ వెంట్ ఓపెనర్ తప్పనిసరి. దాని సిలిండర్‌లో మైనం ఉంటుంది. వేడికి అది వ్యాకోచించి రాడ్‌ను తోస్తుంది, కిటికీ లేస్తుంది. కరెంటు అక్కర్లేదు. సిలిండర్‌ను తిప్పి 18-20 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలయ్యేలా సర్దుకోండి. మైనం కరగడానికి కొంత సమయం పడుతుంది. అందుకే ఆకాశం తేటగా ఉన్న రోజు బయల్దేరే ముందు తలుపు కూడా కాస్త తీసిపెట్టి, గాలికి కొట్టుకోకుండా కట్టండి.

ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు గుర్తుంచుకునే థర్మామీటర్ ఒకటి కొనండి. మొక్కల ఎత్తున, నేరుగా ఎండ తగలని చోట వేలాడదీయండి. బయట పది డిగ్రీలే ఉన్నా, ఎండ కాస్తే మూసిన గ్రీన్‌హౌస్‌లో మధ్యాహ్నానికి ముప్ఫై దాటిపోతుంది. అదే రాత్రి బయటి చలికీ లోపలి చలికీ తేడా రెండు మూడు డిగ్రీలే. పగలు మూసిపెట్టి దాచుకున్న వేడి రాత్రికి ఉపయోగపడుతుందనుకోవడం భ్రమ. పలచని రేకులు వేడిని పట్టి ఉంచలేవు. పొద్దుగుంకడానికి ఓ గంట ముందు మూస్తే చాలు.

టమాటాకు పగలు 32 డిగ్రీలు దాటినా, రాత్రి 13 కంటే తగ్గినా పుప్పొడి సరిగా పనిచేయదు, పూత రాలుతుంది. అది చూసి ఎరువు చాలలేదనుకుని నత్రజని దట్టిస్తారు. ఆకు గుబురుగా పెరుగుతుంది, కాయ మాత్రం ఉండదు. గాలి తగిలేలా చేసి, మధ్యాహ్నం పూగుత్తి కాడను వేలితో నాలుగుసార్లు తట్టండి. పుప్పొడి రాలి పిందె పడుతుంది.

తడి మాటకొస్తే, నీళ్లు పొద్దున్నే, వేరు దగ్గర పోయండి. సాయంత్రం ఆకులు తడిపితే రాత్రంతా తడిగానే ఉంటాయి, బూజు తెగులు పట్టుకుంటుంది. ఆకు తుంచిన చోట కాండం మీద ముందు గోధుమరంగు మచ్చ, తర్వాత బూడిదరంగు నూగు. ముట్టుకుంటే పొడి లేస్తుంది. కనిపించిన భాగాన్ని వెంటనే కోసి సంచిలో కట్టి పారేయండి. చలికని కిరోసిన్ హీటర్ పెడితే ఇంకో చిక్కు. లీటరు కిరోసిన్ మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా లోపలే చేరుతుంది. పెట్టి తీరాలంటే కిటికీ కొద్దిగా తెరిచే ఉంచండి.

నారు ఇంట్లోనే పోయండి. మిరప, వంగ మొలవడానికి 25-30 డిగ్రీలు కావాలి, టమాటాకు 20-25 చాలు. పగటి వెలుగు పది గంటల కంటే తక్కువున్న రోజుల్లో మొక్క పెరగదు, కిటికీవైపు సాగి పీలగా అవుతుంది. ఎల్ఈడీ లైటు రోజుకు 14-16 గంటలు వేయండి, లేదా శీతాకాలం చివరిదాకా ఆగండి. మంచు పడే రోజులు గడిచాకే నారును గ్రీన్‌హౌస్‌కు మార్చండి. అదీ ఒక్కసారిగా కాదు, వారం పది రోజులు పగలు లోపల పెట్టి రాత్రి ఇంట్లోకి తెచ్చుకుంటూ అలవాటు చేయండి.

పాలకూర, మెంతి, కొత్తిమీర వసంతంలోనూ శరత్తులోనూ వేయండి. నడివేసవిలో కొత్తిమీర ఆకు పెట్టకుండానే పూతకు వెళ్లిపోతుంది. దాని తల్లివేరు కదిలిస్తే బాధపడుతుంది కాబట్టి నారు తీసి నాటొద్దు. ధనియాలను రెండు బద్దలు చేసి నేరుగా ట్రేలో చల్లండి, మూడు వారాలకోసారి కొత్త ట్రే. పుదీనాకు వేరే కుండీ. కరివేపాకు కుండీని రాత్రి పది డిగ్రీల కంటే తగ్గకముందే ఇంట్లోకి తెచ్చేయండి.

టమాటా మొక్కకు పది నుంచి పదిహేను లీటర్ల కుండీ ఉండాలి. ఒకరోజు ఎండబెట్టి మరునాడు ముంచెత్తితే కాయ అడుగున నల్లగా కుళ్లుతుంది. మట్టిలో కాల్షియం ఉన్నా నీరు సమంగా అందకపోతే కాయదాకా చేరదు. మరీ పొడి వేడికి ఆకుల రసం పీల్చే ఎర్రనల్లి వస్తుంది. వేసవి మధ్యాహ్నాలు నడిచే దారి మీద నీళ్లు చల్లండి, ఆకుల మీద కాదు.

ఇన్ని చెప్పాక భయం వేస్తుందేమో. నిజం చెప్పాలంటే వీటిలో సగం తప్పులు చేసినా గాలి ఆడుతుంటే మొక్కలు కోలుకుంటాయి. మెంతులు చల్లిన వారంలోపే మొలకలు కనిపిస్తాయి. మొదటి ఏడాదికి రెండు టమాటాలు, రెండు మిరపలు, ఓ మెంతి ట్రే, ఓ కొత్తిమీర ట్రే చాలు. బెండ, వంకాయ వచ్చే ఏడు చూసుకోవచ్చు. రెండో కిటికీ మాత్రం ఈ వారమే బిగించండి.