లేబుల్ చెరిగిన స్పీకర్ 4 ఓమ్సా, 8 ఓమ్సా?

పాత స్పీకర్ వెనక లేబుల్ చెరిగిపోతే, ఎన్ని ఓమ్స్‌దో తెలియక యాంప్‌కి కలపాలంటే భయమే. వైర్లు విప్పి, మల్టీమీటర్ 200 ఓమ్స్ రేంజ్‌లో పెట్టండి. ముందు ప్రోబ్‌లు రెండూ తాకించి, వచ్చిన అంకెను (0.3 లాంటిది) స్పీకర్ రీడింగ్‌లోంచి తీసేయండి. కోన్ (స్పీకర్ ముందు ఊగే గరాటు భాగం) కదిలితే అంకె ఊగుతుంది, దాన్ని ముట్టుకోవద్దు.

3 నుంచి 3.6 వస్తే 4 ఓమ్స్ స్పీకర్. 5.5 నుంచి 7 వస్తే సాధారణంగా 8 ఓమ్స్. తక్కువ చూపిందని కాయిల్ పాడైందనుకోకండి. మీటర్ కొలిచేది కాయిల్ తీగ డీసీ నిరోధం మాత్రమే. పాట మోగేటప్పుడు కోన్ రెజొనెన్స్ (అది సహజంగా ఎక్కువ ఊగే ఫ్రీక్వెన్సీ) దగ్గర అదే స్పీకర్ 30 ఓమ్స్ కూడా దాటొచ్చు, ట్రెబుల్ వైపు కాయిల్ ఇండక్టెన్స్ (వేగంగా మారే కరెంట్‌ను అడ్డుకునే గుణం) వల్ల మళ్లీ పెరుగుతుంది.

లైన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న మైక్‌సెట్ హారన్లకు, కెపాసిటర్ సిరీస్‌లో ఉన్న ట్వీటర్లకు (ట్రెబుల్ కోసం ఉండే చిన్న స్పీకర్లకు) ఈ లెక్క పనిచేయదు.